దింటెన తీగ – దాని పేరులు

పాశ్చాత్యులు 'స్వీట్ పీ' యని ముద్దుగా పిలుచుకొను పూలతీగ యొకటి కలదు. అది బఠాణీ కుటుంబమునకు చెందినది. సన్నని నులితీగలతో పుల్లలను పట్టుకొని ప్రాకును. గులాబి, ఊదా, తెలుపు వన్నెలలో పూచును. మంచి పరిమళము గలది. దాని పుట్టినిల్లు సిసిలీ ద్వీపము. కుపానీ యను క్రైస్తవ సన్న్యాసి 1699లో దాని విత్తనములను ఇంగ్లండులోని యూవ్‌డేల్ అను ఉపాధ్యాయునికి పంపెను. రెండువందల యేండ్లలో అది ఆ దేశమున ఇంటింటి పూవయ్యెను. 1911లో లండనులోని యొక దినపత్రిక ఉత్తమమైన పూలగుత్తికి 1000 పౌనులు బహుమానమని ప్రకటింపగా, 30,000కు మించి గుత్తులు వచ్చిపడెను. మొదటి బహుమానము స్కాట్లండులోని యొక పల్లెటూరి మతగురువు భార్యకు దక్కెను. మూడవది కూడ ఆ యింటికే, ఆమె భర్తకే దక్కెను!

విక్టోరియా రాణి కాలమున అచట పూవులకు అర్థములు కట్టిన పుస్తకములు వెలసెను. వానిలో ఈ పూవునకు 'సెలవు' అని యర్థము. విందారగించినవారు ఇంటివారికి కృతజ్ఞత తెలిపి వీడ్కొనునపుడు ఈయదగిన పూవన్నమాట. ఈ యర్థములు పూవులో నుండి పుట్టినవి కావు, పుస్తకములలో పుట్టినవి. అందుచేతనే ఆ తరముతో చాలవరకు చెల్లిపోయినవి.

ఇంతకును కోనసీమ వారికి ఆ తీగతో పనిలేదు. అది చల్లదనము కోరు మొక్క. గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రపు గాలి తగులు ఈ నేలపై మాఘము దాటునప్పటికి ఎండ ముదురును, అది తాళలేదు. కాని దాని దగ్గరి చుట్టము, అదే కుటుంబమునకు చెందిన తీగ, అమలాపురము మొదలు రాజోలు వరకు పెరటి దడులమీద ఎవరును అడుగకయే ప్రాకుచుండును. అది శంఖుపుష్పము. పాత తెలుగులో దీనికి దింటెన యని పేరు. నీలము పూచునది నల్లదింటెన, తెలుపు పూచునది తెల్లదింటెన.

ఈ తీగకు సంస్కృతమున ఉన్నన్ని పేరులు స్వీట్ పీకి ఏ భాషయందును లేవు. అమరకోశము ఆస్ఫోట, గిరికర్ణి, విష్ణుక్రాంత, అపరాజిత యని నాలుగు పేరులను ఒక్కచోట చెప్పినది. అపరాజిత యనగా ఓటమి నెరుగనిది. వంగదేశమున విజయదశమినాడు దేవిని అపరాజిత యను పేర పూజించి, ఈ తీగను చేతికి కట్టుకొందురు. మనకు ఆనాడు ఆ గౌరవము జమ్మిచెట్టునకు దక్కినది. జమ్మిచెట్టు క్రిందనే అపరాజితాదేవిని తలంతుము. అర్థము ఒక్కటియే, వంగదేశమున తీగకు, మనకడ చెట్టునకు చెందినది. పుస్తకములో వ్రాసిన అర్థమునకును, పూజలో నిలిచిన అర్థమునకును భేదము ఇచటనే తెలియుచున్నది.

నీలపు పూవు శనైశ్చరునకు ప్రీతియని మనవారి నమ్మకము. శని త్రయోదశినాడు మందపల్లి మందేశ్వరస్వామికి తైలాభిషేకము చేయించువారు కోనసీమ నుండియే కాక దూరప్రాంతముల నుండియు వత్తురు. ఇంటివద్ద నీలపు పూవు కావలెనన్న పేదకును ధనికునకును దడిమీది శంఖుపుష్పమే దిక్కు.

ఇక చిక్కు ఎచటనున్నదనగా, విష్ణుక్రాంత యను పేరునొద్ద. వినాయక చవితినాటి ఇరువదియొక్క పత్రులలో విష్ణుక్రాంత యొకటి. అమరకోశము ననుసరించిన పండితుడు శంఖుపుష్పపు ఆకును చూపును. పల్లెలో పత్రి కోయు పిల్లలు నేలబారున ప్రాకి చిన్న చిన్న నీలిపూలు పూచు వేరొక మొక్కను తెత్తురు. తెలుగువారు వాడుకలో విష్ణుక్రాంత మనునది దానినే. అయినవిల్లి సిద్ధివినాయకుని సన్నిధికి ఏ యాకు చేరినను దోషమున్నదని మేము చెప్పజాలము. దేవుడు భక్తిని గ్రహించును.

కడుపు మాత్రము గ్రహింపదు. ఆయుర్వేదమున శంఖపుష్పి మేధాశక్తి నిచ్చు ఓషధులలో శ్రేష్ఠమని చరకుడు చెప్పెను. ఆ శంఖపుష్పి ఏది? కేరళ వైద్యులు మన శంఖుపుష్పమునే వాడుదురు. భారతప్రభుత్వపు ఆయుర్వేద ఔషధకోశము నేలబారున పెరుగు మరియొక మొక్కను శంఖపుష్పి యని నిర్ణయించి, మన తీగను అపరాజిత యని వేరుగా చేర్చినది. మన తీగ వేరును, గింజలును విరేచనకారులు. పరీక్షల నాటికి పిల్లవానికి జ్ఞాపకశక్తి రావలెనని, పేరు కలిసినదిగదా యని దడిమీది గింజలు నూరి పోసినచో కలుగునది జ్ఞాపకశక్తి కాదు. కావున మొక్కను గుర్తించుట నేర్వవలెను. శంఖుపుష్పపు ఆకు ఒంటియాకు కాదు; ఒక కాడమీద అయిదు లేక ఏడు చిన్న ఆకులుండును; కాయ చిక్కుడువలె బల్లపరుపుగా నుండును. నేలబారు విష్ణుక్రాంతకు ఒంటి ఆకులు, వానిమీద నూగు.

పేరుల ఈ గందరగోళము గ్రహించియే కాబోలు, పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు దేశీయ నామములను శ్రద్ధగా వ్రాసి పెట్టిరి. 1678 నుండి 1693 వరకు పండ్రెండు సంపుటములుగా వెలువడిన మలబారు వృక్షగ్రంథమున ఈ తీగ శంఖపుష్ప మను మలయాళపు పేరుతోనే యెక్కినది. కోనసీమకు పొరుగుననున్న సామర్లకోటలో 1793 వరకు పనిచేసిన డాక్టరు విలియం రాక్స్‌బర్గు మన తీరపు మొక్కలను దేశీయ చిత్రకారులచే వ్రాయించి, వాని తెలుగు పేరులను గూడ సేకరించెను. 1753లో లిన్నేయసు దీనికి పెట్టిన శాస్త్రీయనామమున లవంగముల దీవి టెర్నేటు పేరు చేరినది. మన పెరటి తీగ పేరు వెనుక నింత సముద్రయానము కలదు! మలయా దేశమున దీనితో అన్నమునకు నీలపు రంగు వేయుదురు. ఆ రంగునీటిలో నిమ్మరసము పిండిన ఊదారంగు తిరుగును. 2021లో అమెరికా ప్రభుత్వమును ఈ పూలసారమును ఆహారపు రంగుగా అంగీకరించినది.

పెంచదలచినవారికి శ్రమ లేదు. గింజ పైతొక్క గట్టిది. ఒక ప్రక్క కొంచెము గీరి, రాత్రి నీట నానవేసి, తొలకరిలో ఎండ తగులు చోట నాటవలెను. రెండు నెలలలోపుననే పూచును. వేరున బుడిపెలుండి గాలిలోని నత్రజనిని పట్టును గనుక ఎరువు అక్కరలేదు. హెచ్చుగా వేసిన ఆకే గాని పూవుండదు. కాయలు ఎండి పగులక ముందే కోసి, నీలమును తెలుపును వేరువేరు పొట్లములు కట్టి, మీద పేరు వ్రాసి యుంచుకొనవలెను.