తోడేలు మనిషి: కోర్టు బోను నుంచి సినిమా తెర దాకా

పౌర్ణమి రాత్రి. మబ్బుల్లోంచి చంద్రుడు బయటికొస్తాడు. హీరో చేతుల మీద వెంట్రుకలు మొలుస్తాయి, గోళ్లు పెరుగుతాయి, తర్వాత ఒక ఊళ. ఈ టైపు సీన్ మనందరం చూసిందే. 2022లో వరుణ్ ధావన్ 'భేడియా' తెలుగులో 'తోడేలు'గా వచ్చింది. అందులో కూడా తోడేలు కరిచాకే హీరో మారిపోతాడు. మనకి ఇది పాప్‌కార్న్ తింటూ చూసే కథ. కానీ నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఇది కథ కాదు, కేసు. కోర్టులో విచారించి, మనుషుల్ని చంపేశారు.

మొదటి కేసు జర్మనీలో కొలోన్ దగ్గర బెడ్‌బర్గ్ అనే ఊళ్లో జరిగింది. నిందితుడి పేరు పీటర్ స్టంప్. సైతాను తనకో నడికట్టు ఇచ్చాడనీ, అది కట్టుకుంటే తోడేలుగా మారతాననీ ఒప్పుకున్నాడు. పదమూడు మంది పిల్లల్ని, ఇద్దరు గర్భిణుల్ని చంపానన్నాడు. 1589 అక్టోబర్ 31న అతన్ని చక్రానికి కట్టి, ఘోరంగా చంపారు. అతని కూతుర్ని, అతనితో ఉంటున్న ఒకావిడని కూడా వదల్లేదు. మరుసటి ఏడాదే లండన్‌లో ఈ కథ చిన్న పుస్తకంగా అచ్చయింది. అప్పటి వైరల్ కంటెంట్ అన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అతను ఎప్పుడు ఒప్పుకున్నాడు? ఒళ్లు సాగదీసే హింస యంత్రం ఎక్కిస్తామని భయపెట్టినప్పుడు. మరి నడికట్టు? అతను చెప్పిన చోటంతా వెతికించారు, దొరకలేదు. అంటే దాన్ని సైతాను వెనక్కి తీసుకుపోయుంటాడని తేల్చేశారు! సాక్ష్యం దొరికితే దోషి, దొరక్కపోయినా దోషే. పైగా అప్పుడే ఆ ప్రాంతంలో కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య యుద్ధం ముగిసింది. ఊళ్లు పాడైపోయాయి, జనం భయంతో ఉన్నారు. నిజంగా ఆ హత్యలు ఎవరు చేశారన్నది పక్కన పెడితే, భయానికి ఒక ముఖం కావాల్సొచ్చింది.

రెండో కేసు నాకు చాలా ఇష్టం. 1603, నైరుతి ఫ్రాన్స్. జాన్ గ్రెనియే అనే కుర్రాడు, పద్నాలుగేళ్లు కూడా ఉంటాయో లేదో. పశువులు కాసే ఆడపిల్లలతో "నేను తోడేలుగా మారతాను, పిల్లల్ని తిన్నాను" అని చెప్పుకుని తిరిగాడు. అడవి దొర ఒకాయన తోలు, లేపనం ఇచ్చాడన్నాడు. స్టంప్‌లాగే ఇతనూ ఒప్పుకున్నట్టే కదా? కానీ బోర్డో నగరంలోని పెద్ద కోర్టు ఇంకోలా ఆలోచించింది. వీడికి బుద్ధి సరిగ్గా ఎదగలేదు, మనిషి తోడేలు కావడమన్నది మనసులో ఉండే జబ్బు అనుకుంది. ఉరి బదులు జీవితాంతం మఠంలో ఉంచమంది. అదేం స్వేచ్ఛ కాదు, కానీ బతికాడు. పద్నాలుగేళ్ల తేడా, అదే రకం ఒప్పుకోలు, రెండు వేరే తీర్పులు.

గమనించారా, ఈ రెండు కేసుల్లో కాటూ లేదు, వెండీ లేదు. ఉన్నవి నడికట్టు, తోలు, లేపనం. మనకి తెలిసిన రూల్స్‌ని గట్టిగా పాతింది హాలీవుడ్. 1941 డిసెంబర్‌లో యూనివర్సల్ 'ది వుల్ఫ్ మ్యాన్' రిలీజ్ చేసింది. లాన్ చేనీ జూనియర్ హీరో. తోడేలు కరిస్తే మారిపోతాడు, వెండి పిడి ఉన్న చేతికర్రతో కొడితే చస్తాడు.

ఆ కథ రాసిన కర్ట్ సియోడ్‌మాక్ ఒక యూదుడు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ వదిలి పారిపోయిన మనిషి. సినిమాలో, తర్వాత చావబోయేవాళ్ల అరచేతిలో ఒక నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. యూరప్‌లో నక్షత్రం గుర్తుతో యూదుల్ని వేరు చేస్తున్న రోజులవి. అందుకే నాకు ఆ సీన్ వట్టి హారర్‌లా అనిపించదు. ఇంకో విషయం, ఈ హీరో చెడ్డవాడు కాదు. మారడం ఇష్టం లేదు, ఆపడం చేతకాదు. పాత కోర్టు స్టంప్‌లో రాక్షసుణ్ని చూస్తే, సినిమా మనల్ని ఆ మనిషి వైపు నిలబెట్టింది.

ఇదంతా పాత యూరప్ గోల అనుకోకండి. చేతబడి చేశారన్న అనుమానంతో మన ఊళ్లలోనూ మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివాం. అక్కడా ఎవరూ నడికట్టు చూపించమని అడగరు. అలాంటి ఫార్వర్డ్ ఏదైనా మీ గ్రూపులోకి వస్తే, ముందు "ఎవరు చూశారు?" అని ఒక్క మెసేజ్ పెట్టండి. మీకు నచ్చిన తోడేలు సినిమా ఏదో కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.