బెర్నార్డ్ వెబ్: పాల్ మెకార్ట్నీ మారుపేరు వెనుక కారణాలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కలంపేరుకూ మారుపేరుకూ భేదం ఉంది. కలంపేరు కాలక్రమంలో రచయితకు అసలు పేరుకన్నా గట్టి గుర్తింపు అవుతుంది. మారుపేరు అప్పటికే ఉన్న గుర్తింపును మరుగుపరచడానికి ఉద్దేశించినది. 1966లో బ్రిటిష్ గాయకద్వయం పీటర్ అండ్ గోర్డన్ పాడిన ‘ఉమన్’ పాటకు రచయితగా ముద్రితమైన ‘బెర్నార్డ్ వెబ్’ ఈ రెండవ కోవకు చెందుతుంది. ఆ పాట అసలు రచయిత బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్నీ. కీర్తి శిఖరాన ఉన్న రచయిత తన పేరును ఎందుకు దాచుకున్నారో, ఆ ప్రయత్నం ఏమి నిరూపించిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. జంటపేరు – నేపథ్యం

బీటిల్స్ కాలంలో మెకార్ట్నీ, జాన్ లెనన్‌లలో ఎవరు రాసిన పాటైనా సాధారణంగా ‘లెనన్–మెకార్ట్నీ’ అనే జంటపేరుతోనే వెలువడేది. ఇతర గాయకులకు ఇచ్చిన పాటలకూ ఇదే పద్ధతి వర్తించింది. పీటర్ ఆషర్ సోదరి, నటి జేన్ ఆషర్ అప్పట్లో మెకార్ట్నీ ప్రియురాలు. మెకార్ట్నీ కొంతకాలం లండన్‌లోని ఆషర్ కుటుంబం ఇంట్లోనే నివసించారు. ఈ సాన్నిహిత్యం వల్ల ఆయన పాటలు ఆ ద్వయానికి అందాయి. 1964లో ‘ఎ వరల్డ్ వితౌట్ లవ్’ బ్రిటన్, అమెరికా జాబితాలు రెండింటిలోనూ ప్రథమస్థానం పొందింది.

3. రెండు కారణాలు

ఈ విజయం వెంట ఒక నింద కూడా వచ్చింది. గాయకులు కేవలం లెనన్–మెకార్ట్నీల పేరు ఆసరాతో పైకి వచ్చారన్నది దాని సారాంశం. 1966లో విలేకరుల సమావేశంలో మెకార్ట్నీ ఈ నిందనే కారణంగా పేర్కొన్నారు. అయితే ఎక్కువగా ప్రచారంలో ఉన్న వివరణ వేరు: పేరు అండ లేకుండా తన పాట నిలబడుతుందా అని ఆయన పరీక్షించదలచారన్నది ఆ వాదన. మొదటి కారణం గాయకుల యోగ్యతకు, రెండవది రచన విలువకు సంబంధించినది.

4. అంకెల సాక్ష్యం

జంటపేరుతో ఈ ద్వయం పాడిన మూడు పాటలు అమెరికాలో వరుసగా 1, 12, 16 స్థానాలు పొందాయి. మారుపేరుతో వచ్చిన ‘ఉమన్’ 14వ స్థానానికి చేరింది. బ్రిటన్‌లో జంటపేరు ఉన్న మూడవ పాటకు జాబితాలో చోటే దక్కలేదు. ‘ఉమన్’ 28వ స్థానం పొందింది. కనుక ప్రసిద్ధమైన పేరు ఉన్నంత మాత్రాన విజయం ఖాయం కాదని స్పష్టమవుతుంది. గాయకుల విషయంలో 1965లోనే సమాధానం లభించింది. ఇతరులు రాసిన ‘ఐ గో టు పీసెస్’ అమెరికాలో 9వ స్థానం, ‘ట్రూ లవ్ వేస్’ బ్రిటన్‌లో 2వ స్థానం సాధించాయి.

అయితే ‘ఉమన్’ పరీక్షకు పరిమితులున్నాయి. రచయిత పేరు మారినా, అప్పటికే ప్రసిద్ధులైన గాయకుల పేర్లు మారలేదు. పైగా రహస్యం ఎంతోకాలం నిలవలేదు. అందువల్ల ‘ఉమన్’ పొందిన ఆదరణలో పాట పాలెంత, గాయకుల పాలెంత అన్నది విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

5. ముగింపు

గాయకులను పెద్దపేరు నీడ నుంచి తప్పించడానికి పుట్టిన మారుపేరు చివరకు ఆ నీడనే పొడిగించింది. నేడు ‘ఉమన్’ ప్రస్తావన వచ్చినప్పుడు పాడినవారికన్నా, పేరు దాచుకున్న రచయితే ముందుగా చర్చకు వస్తారు. కర్తృత్వం ముద్రిత పత్రంపై ఉండే పేరుతో మాత్రమే నిర్ణయం కాదనీ, శ్రోతలు ఘనతను ఎవరికి ఆపాదిస్తారన్నదీ అందులో భాగమేననీ ఈ ఉదంతం తెలియజేస్తుంది.