బిడ్డలయెడ సంఘధర్మము

విజయవాడనుండి హైదరాబాదు బాటను మునేటిని దాటి, నందిగామ మీదుగా సాగినచో జగ్గయ్యపేట చేరుదుము. 2022 వరకు కృష్ణా జిల్లాలోని మెట్టసీమ యిది; నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. ఆ యూరి చెంత ధనంబోడుపై నొక బౌద్ధస్తూపపు శిథిలములు కలవు. అచ్చటి స్తంభశాసనములను 1882లో జేమ్స్ బర్జెస్ ప్రకటించెను. అవి క్రీ.శ. 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ పాలనావర్షమున చెక్కబడినవి.

దాత రాజు కాడు, సిద్ధార్థుడను శిల్పి. తూర్పు వాకిట ఐదు ఆయకస్తంభములను నిలిపి, ఆ పుణ్యమున తల్లిని, భార్యను, తమ్ముని కుటుంబమును గూడ చేర్చుకొనెను. తన బిడ్డలు మూలసిరి, నాకబుధనిక. తమ్ముని బిడ్డలు నాగసిరి, చందసిరి, సిధథనిక. మగపిల్లలతోపాటు ఆడపిల్లల పేర్లును రాతికెక్కినవి. సకల ప్రాణుల హితసుఖములకై యీ దానమని శాసనము చెప్పుచున్నది. అయినను ఆ రాళ్లు మోసిన కూలీల బిడ్డల పేర్లు మాత్రము మనకు తెలియరాలేదు.

తరువాతి శతాబ్దములలోను బిడ్డ బరువు ఇంటిదే. ఇల్లు కలిగినదైన బిడ్డకు చదువు. లేనిదైన, అప్పు క్రిందనో గింజల కొరకో పరుల పశువులను కాచు జీతము. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏడేండ్లలోపు పిల్లలను పెద్ద కర్మాగారములలో పనికి పెట్టరాదనెను. పొలములోని బిడ్డ దాని కంటబడలేదు.

1950లో మన రాజ్యాంగము, పదేండ్లలో 14 ఏండ్లవరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య నొసగ యత్నింపవలెనని ఆదేశించెను. బిడ్డ ఇంటికే కాక సంఘమునకును బాధ్యతయని అంగీకరించుటయే యిది. 1960 గడచినది. 2002లో 86వ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టము వచ్చినవి. ఆ చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. 1960లో ఆరేండ్ల పసివానికి అప్పటికి 56 ఏండ్లు. వాని బాల్యమును ఏ చట్టము తిరిగి యీయగలదు?

నేడు 6 మొదలు 14 ఏండ్లవారికి చదువు హక్కు. కాని మిరపకోతలకు, పత్తితీతలకు వలసపోవు కుటుంబము వెంట బిడ్డయు కదలును. పేరు ఒక యూరి హాజరుపట్టీలో, బిడ్డ మరియొక యూరి చేనిగట్టుపై చంటిపాపను ఎత్తుకొని యుండును. అట్టి బిడ్డ కనబడినపుడు, ఏ బడిలో చదువుచున్నావని అడిగి, దగ్గరి బడికి చేర్చుట ఉపాధ్యాయునికే కాదు, పని యిచ్చిన రైతునకును, పొరుగున నున్న మనకును విధి. సిద్ధార్థుడు తన యింటి బిడ్డలను మరువలేదు. పరుల బిడ్డలను మరువకుండుట మన వంతు.