అరచేతిలోని గోదా

అమెరికాదేశమున వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ (డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్., తరువాత డబ్ల్యు.డబ్ల్యు.ఈ.) వారు రంగస్థల ప్రదర్శనముగా తీర్చిదిద్దిన మల్లయుద్ధము అతిశయోక్తియే ప్రాణముగా గల కళ. దానిని వీడియో ఆటగా మలచినవారిలో గోదాలోని ప్రతి పట్టును యథాతథముగా చూపదలచినవారు కొందరు. ఆ అతిశయమును ఇంకను పెంపొందింపదలచినవారు మరికొందరు. ఆర్కేడు పద్ధతి యని ఆటగాండ్రు వ్యవహరించునది ఈ రెండవవారి మార్గము. దానికి రూపము నొసగినది నాణెము.

ఆర్కేడుశాలలోని యంత్రము నాణెములపై బ్రదుకునది గనుక, ఎదుట నిలిచిన బాలునికి మీటల మర్మము క్షణములో బోధపడవలెను, పోరు కొలది నిమిషములలో తేలిపోవలెను, ఓడినవాడు మరల జేబులో చేయి పెట్టవలెను. అంతకుముందే ‘డబుల్ డ్రాగన్’తో వీథిపోరాటపు ఆటలకు ఒరవడి దిద్దిన జపానుదేశపు టెక్నోస్ సంస్థ, 1989లో ‘డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సూపర్‌స్టార్స్’ను, 1991లో ‘రెజల్‌ఫెస్ట్’ను ఈ సూత్రము ననుసరించియే నిర్మించెను. పలువురు మల్లులు ఒక్క గోదాలో దిగి, ఒకరినొకరు తొలగించుకొనుచు కడపటి విజేతను తేల్చు ‘రాయల్ రంబుల్’ పోరు ‘రెజల్‌ఫెస్ట్’కు వన్నె తెచ్చినది.

ఆ 1989లోనే, గున్‌పే యొకోయి నాయకత్వమున రూపొందిన అరచేతి యంత్రమైన గేమ్ బాయ్‌ను నింటెండో సంస్థ వెలువరించెను. నాలుగు చిన్న బ్యాటరీలతో నడచు ఆ యంత్రపు తెరలో అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు, ఛాయలు నాలుగే. దానికై ఇంగ్లండులోని రేర్ సంస్థ నిర్మింపగా 1991లో వెలువడిన ‘సూపర్‌స్టార్స్’, పేరొకటియే యైనను ఆర్కేడు ఆటకు ప్రతిరూపము గాదు. అందు హల్క్ హోగన్, అల్టిమేట్ వారియర్, రాండీ సావేజ్ మొదలుగా మల్లులు ఐదుగురే. వర్ణవైభవమును, విగ్రహముల భారీతనమును ఆ చిన్నతెర భరింపజాలకపోయినను, క్షిప్రత మాత్రము చెక్కుచెదరక నిలిచినది.

1995లో అమెరికాలోని మిడ్‌వే సంస్థ వెలువరించిన ‘రెజల్‌మేనియా: ది ఆర్కేడ్ గేమ్’ అతిశయమును పరాకాష్ఠకు చేర్చెను. నిజమల్లుల ఛాయాచిత్రములతో కూర్చిన ఆ ఆటలో అండర్‌టేకర్ సమాధిశిలతో మోదును. బామ్ బామ్ బిగెలో పిడికిళ్లు మండును. దాని రూపశిల్పులలో ముఖ్యుడైన సాల్ డివీటాయే, ఆర్కేడుశాలలు వెలవెలబోయిన పిదప, 2011లో టీహెచ్‌క్యూ సంస్థ ప్రకటించిన ‘డబ్ల్యు.డబ్ల్యు.ఈ. ఆల్ స్టార్స్’కు దర్శకత్వము వహించెను. రాక్షసాకారులైన మల్లులు ప్రత్యర్థిని ఆకాశమునకెగురవేసి, నేల తాకకమునుపే మరల మరల కొట్టు ఈ ఆట, గృహయంత్రములతోపాటు సోనీవారి అరచేతి యంత్రమైన పీఎస్‌పీలోను వెలువడినది. పూర్వతరపు మల్లులకును 2011 నాటివారికిని పోరు కల్పించు ‘ఫాంటసీ వార్‌ఫేర్’ అందలి రసవద్ఘట్టము. ఒక్కొక్క పోరు వేరుగా ముగియును గావున, బస్సుకై వేచియున్నవానికిని ఒక పోరు పూర్తిగా ఆడ నవకాశము కలదు.

అరచేతి యంత్రములకు నాణెముతో పనిలేదు. అయినను వ్యాపారధర్మమై నాణెము విధించిన సంక్షిప్తత, వానిలో ఆటగాని తీరికకు తగిన సౌకర్యముగా పరిణమించినది. స్వల్పకాలములో ఆరంభమును, ఉత్కంఠను, పరిసమాప్తిని కూర్చవలసిన ఆ నిర్బంధమే ఒక శిల్పమును సృష్టించినదనియు, చేతి యంత్రమే దానికి నిజమైన వారసురాలనియు నా దృఢవిశ్వాసము.