ఉమ్మడి మందిరము – తాళపుచెవి

మన పల్లెలలో నలుగురు కూడుటకు చోటు లేని కాల మెన్నఁడును లేదు. రచ్చబండ యుండెను, చావడి యుండెను, సత్రముండెను, గుడి ముంగిట మండపముండెను. ఆ చోటికి అందఱును రాఁదగినవారే యను ధర్మమే లేకుండెను. రచ్చబండపై కూర్చుండువారెవ్వరో, దూరముగా నిలిచి తీర్పు వినువారెవ్వరో ఊరిలోని పసిబిడ్డకును తెలియును. స్త్రీల మాట చెప్పనక్కఱలేదు. కాఁబట్టి ప్రభుత్వధనముతో ఊరూర సమాజమందిరములు కట్టించుటను గూర్చి విచారించునపుడు, ఎన్ని కట్టిరి, ఎంత వెచ్చించిరి యను లెక్కకంటె ముందు మఱియొక ప్రశ్న వేయవలసియున్నది. పదిమంది పన్నుతో లేచిన గోడల లోపలికి ఆ పదిమందియు పోఁగలుగుచున్నారా? ఈ ప్రశ్నకు నూఱేండ్ల చరిత్ర యున్నది. దానినే యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

1923 వ సంవత్సరము ఆగస్టు 4 వ తేదీన బొంబాయి శాసనసభ సీతారాం కేశవ్ బోలే తెచ్చిన యొక తీర్మానమును అంగీకరించెను. ప్రజాధనముతో కట్టి కాపాడఁబడుచున్న బావులు, ధర్మశాలలు, అట్లే పాఠశాలలు, న్యాయస్థానములు, వైద్యశాలలు అస్పృశ్యులని చెప్పఁబడువారికిని తెఱచియుండవలెనని దాని తాత్పర్యము. ఇందలి హేతువును చదువరులు గమనింపఁగోరుచున్నాము. శాస్త్రమేమి చెప్పినది, ఆచారమెట్టిది యని ఈ తీర్మానము అడుగలేదు. ఈ కట్టడమునకు వెచ్చించిన ధనమెవ్వరిది యని అడిగినది. మఱుసటి సంవత్సరము ఆగస్టులో మదరాసు శాసనసభలోను రెట్టమలై శ్రీనివాసన్ తెచ్చిన యిట్టి తీర్మానమే నెగ్గినది.

అయినను కాగితము తెఱచుకొన్నంత సులభముగా గట్టు తెఱచుకొనలేదు. మహాడు పురపాలక సంఘము 1924 లో తన చవదారు చెఱువు అందఱిదియని తీర్మానించెను. 1927 మార్చి 20 వ తేదీన అంబేడ్కరు జనసమూహముతో పోయి ఆ నీరు త్రాగఁగా అగ్రవర్ణములవారు చెఱువునకు శుద్ధి చేసిరి. ఆ యేటనే పురపాలక సంఘము తన తీర్మానమును రద్దు చేసికొనెను. వ్యాజ్యము 1937 లో బొంబాయి హైకోర్టునందు దళితుల పక్షమున ముగిసెను. ఈ పోకడను బోలే ముందే కనిపెట్టెను కాఁబోలు. 1926 ఆగస్టులో ఆయన మఱియొక తీర్మానము తెచ్చెను. పూర్వతీర్మానమును అమలు జరుపని పురపాలక, స్థానిక సంఘములకు ప్రభుత్వము గ్రాంటు నీయరాదని దాని సారము. సొమ్ము ఇచ్చు చేయి షరతును గూడ పెట్టవలెనను నీతి అప్పుడే పుట్టినది.

ఆ దశాబ్దములలో ఆంధ్రదేశమున ఉమ్మడి యిండ్లు మఱియొక త్రోవను లేచుచుండెను. 1914 ఏప్రిలు 10 వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణమైరి. నాఁటి పఠనాలయములు చందాలతోను, దాతల యీవితోను నిలిచినవి. పత్రిక చదివి వినిపించుటయు, ఉపన్యాసములును అచ్చటనే జరుగుచుండెను. ప్రభుత్వము ఆలస్యముగా వచ్చినది. 1948 నాఁటి మదరాసు గ్రంథాలయ శాసనము ఇంటిపన్నుపై గ్రంథాలయ పన్నును కూర్చెను. హైదరాబాదు రాష్ట్రము 1955 లో తన శాసనమును చేసికొనెను. రెండింటికిని బదులు 1960 లో ఆంధ్రప్రదేశమున ఒకే శాసనము వచ్చెను. ఈ పన్ను కొన్ని పైసలదే, కాని దాని మహిమ గొప్పది. దాత పేరు గోడమీఁద నుండును. పన్ను కట్టినవాని పేరు ఎచ్చటను ఉండదు, కాని వాఁడు ఎవ్వరికిని దండము పెట్టకయే లోపలికి రావచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మందిర నిర్మాణము ప్రభుత్వకార్యమైనది. 1952 అక్టోబరు 2 వ తేదీన దేశమున 55 సమాజవికాస ప్రణాళికలు ప్రారంభమైనవి. 1953 లో స్థానికాభివృద్ధి పనుల పథకము వచ్చెను. ఊరివారు ధనముగా గాని, సామగ్రిగా గాని, శ్రమగా గాని తమ భాగమిచ్చినచో తక్కినది ప్రభుత్వమిచ్చుట దాని పద్ధతి. ఊరు చేయి వేసిన పని ఊరిదగునను తలంపు మంచిదే. కాని ఒకఁడు స్థలమిచ్చును, మఱియొకఁడు కూలి మాని ఱాళ్లు మోయును. స్థలమిచ్చినవాని దానము శిలాఫలకముపై నెక్కును. ఱాళ్లు మోసినవాని శ్రమ నాఁటి సాయంకాలమే మఱపునకు వచ్చును.

మే మెఱిఁగిన యొక గ్రామమున ఇట్లే జరిగినది. మందిరము పెద్దవీధిలో స్థలదాత యింటి ప్రక్కనే లేచినది. తాళపుచెవి ఆ యింటనే యుండెను. కోతలైన వెనుక ధాన్యపు బస్తాలు మందిరములో చేరెడివి. గూడెములోని స్త్రీలు కుట్టుపని నేర్చుకొనుటకు మధ్యాహ్నములందు ఆ చోటు కావలెనని అడిగిరి. ఎవ్వరును వలదనలేదు, తాళపుచెవి మాత్రము దొరకలేదు. నెల తిరుగకముందే వారు అడుగుట మానిరి.

శాసనమున లోపము లేదు. 1950 జనవరి 26 న అమలునకు వచ్చిన రాజ్యాంగము 15 వ అధికరణమున, రాజ్యధనముతో పూర్తిగా గాని కొంతగా గాని నిర్వహింపఁబడు బావులు, చెఱువులు, ప్రజలు కూడు స్థలములు జాతి, మత, కుల, లింగ భేదములచే ఎవ్వరికిని నిషేధింపఁబడరాదని శాసించుచున్నది. ‘కొంతగా’ అను మాటలో బోలే వాదమంతయు నున్నది. 1955 నాఁటి అస్పృశ్యతా నేరముల శాసనము ఇంకొక యడుగు వేసి, నేరము రుజువైన దేవాలయ ధర్మకర్తల గ్రాంటును నిలుపు నధికారమును ప్రభుత్వమున కిచ్చెను. కాని శాసనము నిషేధమును శిక్షింపఁగలదు. దొరకని తాళపుచెవిని వెదకించుట దాని వశము కాదు.

అందుచేతనే కాఁబోలు వేఱు మందిరములు వచ్చినవి. 1993 డిసెంబరు 23 న ఆరంభమైన పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధులలో నూటికి 15 వంతులు షెడ్యూల్డు కులముల నివాసములకును, ఏడున్నర వంతులు షెడ్యూల్డు తెగల నివాసములకును వెచ్చింపవలెనను నియమము ఏర్పడినది. వాడలందు లేచిన యట్టి మందిరములను చూచి, ‘ఇది భేదమును పెంచుట కాదా’ యని అడుగు పెద్దలున్నారు. ఉమ్మడి మందిరపు తలుపు తెఱచియుండిన పిమ్మట ఆ ప్రశ్న అడుగుట న్యాయము. తమ వాకిట తలుపు మూసికొని, ఎదుటివాఁడు వేఱిల్లు కట్టుకొన్నందులకు నిందించుట న్యాయము కాదు. అట్లని వేఱు మందిరము వచ్చినది గదా యని ఉమ్మడి మందిరమును పెద్దవీధికే విడిచిపెట్టుటయు తగదు. అందులోను అందఱి సొమ్మున్నది.

ఇందుకు గొప్ప సంస్కరణములు అక్కఱలేదు. తాళపుచెవి ఒకరి యింట గాక పంచాయతీ కార్యాలయమున నుండవలెను. ఎవరి కేదినమున మందిరము ఇచ్చినదియు, ఎవరికి కాదన్నదియు పుస్తకమున వ్రాసి గ్రామసభలో చదువవలెను. స్త్రీలకు వారమున కొన్ని దినములు ముందే కేటాయింపవలెను. మరమ్మతునకు సొమ్ము ఇచ్చునపుడు అధికారులు గోడల పగుళ్లతోపాటు ఆ పుస్తకమును గూడ చూడవలెను. చదువరులు తమ యూరి మందిరపు తాళపుచెవి నేఁడు ఎవరి యింట నున్నదో ఒక్కమాఱు విచారింపఁగోరుచున్నాము.