ఐరన్ బిళ్ళలో రెండో పేరు

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముప్ఫయ్యేళ్ళు రక్తపరీక్షలు చేశాను. తొలిరోజుల్లో మా దగ్గరున్నది సాహ్లీ గొట్టమే. వేలు గుచ్చి, పిపెట్‌లోకి నోటితో పీల్చిన రక్తాన్ని యాసిడ్‌లో కలిపి, పక్కనున్న గాజు రంగుకు సరిపోయేదాకా చుక్కచుక్కగా నీళ్ళు వేసేదాన్ని. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ గొట్టం వంకే చూస్తూ, “ఎంతుందమ్మా నాకు రక్తం?” అనేవారు. ఏడో ఎనిమిదో చెప్పి, ఐరన్ బిళ్ళల అట్ట చేతిలో పెట్టేదాన్ని.

ఐరన్ బిళ్ళ అని అందరం అంటాం గానీ అందులో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. ఆ రెండోదాన్ని వెతికి పట్టిన మనిషి లూసీ విల్స్.

ఈ ఇంగ్లండ్ డాక్టరు 1928లో బొంబాయి వచ్చి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉండగా పాలిపోయి, నీరసించి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. ఇనుము తక్కువైన రక్తానికి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎర్రకణాలు చిన్నవిగా, నడిమధ్య వెలిసిపోయి కనిపిస్తాయి. వీళ్ళ కణాలు పూర్తిగా వేరు, ఉండవలసినదానికంటే పెద్దవి. అలాంటి స్లైడులు నేనూ చూశాను, ఒకసారి చూస్తే మరిచిపోలేం. ఇనుము ఎంత అందినా, కణం రెండుగా విడిపోవడానికి కావలసింది లేకపోతే అది ఉబ్బుతుందే తప్ప రెండు కాదు.

విల్స్ చేసిన గొప్ప పని, వాళ్ళ రక్తంతో ఆగకుండా వాళ్ళు తినే కూడు దగ్గరికి వెళ్ళడం. అలాంటి తిండే పెడితే కోతులకూ రక్తం తగ్గింది. మార్మైట్ పెడితే తేరుకున్నాయి. బీరు తయారీలో మిగిలిన ఈస్ట్‌తో చేసే నల్లటి, ఉప్పటి ముద్ద అది. ఇంగ్లండులో రొట్టెకు రాసుకుంటారు, చవక. ఆ ముద్దతోనే ఆడవాళ్ళు కోలుకున్నారని 1931లో ఆవిడ ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో తేలకముందు దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అనేవారు. 1941లో పాలకూర నుంచి తీసిన పదార్థానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పడింది.

1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ పరిశోధనకు పెద్ద మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు, తిన్నది ఒంటికి పట్టని స్ప్రూ జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనిచేసే మందు కూడా ఈ ఫోలిక్ యాసిడే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మన దేశంలో 1970లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమంలో గర్భిణులకు ఇనుమునూ ఫోలిక్ యాసిడ్‌నూ కలిపే ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళకు అందే ఎర్రబిళ్ళలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. వికారమనీ, బిడ్డ నల్లగా పుడతాడనీ ఆ బిళ్ళల్ని కాలవలో పారేసినవాళ్ళను చూశాను. నల్లబడేది విరేచనమే, అదీ ఒంటికి పట్టని ఇనుము వల్ల. బిడ్డ రంగుకూ దానికీ సంబంధం లేదు.

మీ ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే నిమ్మకాయ నీళ్ళతో ఆ బిళ్ళ వేయించండి. టీతో మాత్రం వద్దు.