పెరట్లో స్విమ్మింగ్ పూల్ వెనక ఇంత కథ ఉందా?

ఈసారి టాపిక్ చూసి "వీడికేంటి, ఇల్లే లేదు, స్విమ్మింగ్ పూల్ గురించి మాట్లాడుతున్నాడు" అనుకుంటారేమో. అనుకోండి, ఫర్వాలేదు. నేను చెప్పబోయేది పూల్ ఎలా కట్టాలి అన్నది కొంచెమే. పూల్ అసలు ఇంటి పెరట్లోకి ఎందుకొచ్చింది అన్నదే మెయిన్ మేటర్.

అమెరికాలో, ముఖ్యంగా డాలస్ పక్కన ఫ్రిస్కో, మెకిన్నీ లాంటి ఊళ్ళలో మనవాళ్ళు చాలామంది ఇళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళ హోమ్ టూర్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. కిచెన్ అయింది, పూజ గది అయింది, ఆఖర్లో వెనక తలుపు తీస్తే నీలం రంగులో మెరుస్తూ పూల్. అదేదో అమెరికా పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. 1950లో అమెరికా మొత్తం మీద నేలలో తవ్వి కట్టిన సొంత పూల్ ఉన్న కుటుంబాలు సుమారు 2,500. 1999కి వచ్చేసరికి దాదాపు 40 లక్షలు. యాభై ఏళ్ళలో 2,500 నుంచి 40 లక్షలు! మధ్యలో ఏం జరిగింది?

ముందు ఇంజనీరింగ్ సంగతి చూద్దాం. నేను చదివింది కంప్యూటర్ సైన్స్, సివిల్ కాదు. అయినా ఈ భాగం నాకు భలే నచ్చింది.

గుంత తవ్వడం ఎవరైనా చేస్తారు. నీళ్ళు ఇంకిపోకుండా ఆపడమే అసలు తలనొప్పి. మొహెంజోదారోలో గ్రేట్ బాత్ కట్టినవాళ్ళకి నాలుగు వేల ఏళ్ళ క్రితమే ఈ తలనొప్పి తెలుసు. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు. ఇటుకలు దగ్గరదగ్గరగా పేర్చి, జిప్సం కలిపిన మోర్టార్ వాడి, పైగా తారు లాంటి బిట్యుమెన్ పొర వేశారు. లీకేజీ ఆపడానికి వాటర్‌ప్రూఫింగ్, అంతే. ఇప్పుడు మన మేడ మీద వేయించుకునేదీ అదే ఐడియా.

మోడరన్ పూల్‌కి దారి వేసింది ఎవరో తెలుసా? సివిల్ ఇంజనీర్ కాదు. చనిపోయిన జంతువుల చర్మాలతో మ్యూజియంలో బొమ్మలు నిలబెట్టే ఆయన. పేరు కార్ల్ ఏక్లీ. ఆఫ్రికాలో ఒక చిరుతపులిని ఉత్త చేతులతో చంపిన మనిషి కూడా ఈయనే. 1907 ప్రాంతంలో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం బిల్డింగ్ గోడలు పెచ్చులూడిపోతుంటే, గాలి ప్రెషర్‌తో సిమెంటు కొట్టే గన్ ఒకటి తయారుచేశాడు. 1911లో పేటెంట్ వచ్చింది. పొడి సిమెంటు, ఇసుక పైపులో గాలితో దూసుకొస్తాయి, పైపు మూతి దగ్గర నీళ్ళు కలుస్తాయి, గోడకి తగలగానే అతుక్కుంటుంది. దీన్నే గనైట్ అంటారు.

ఇది పూల్స్‌కి ఎందుకంత పనికొచ్చిందంటే, మామూలు కాంక్రీట్‌కి చెక్క సెంట్రింగ్ కావాలి. వంపులు తిరిగిన గుంతకి సెంట్రింగ్ కొట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. గనైట్‌కి ఆ గొడవ లేదు. గుంత తవ్వు, ఇనుప రాడ్లు అల్లు, పైపులు వెయ్యి, గన్‌తో కొట్టు, చేత్తో చదును చెయ్యి. తర్వాత రోజూ నీళ్ళు కొడుతూ క్యూరింగ్, అంచుకి టైల్స్, లోపల ప్లాస్టర్. ఇప్పటికీ వరస ఇదే.

ఇంకో విషయం. ఉత్తర టెక్సాస్‌లో బ్లాక్‌ల్యాండ్ అనే నేల ఉంది. అదీ మన నల్లరేగడీ ఒకే కోవకి చెందినవి. ఎండితే పగుళ్ళు, తడిస్తే ఉబ్బడం. మన పత్తి చేలల్లో చూసే నెర్రెలే అక్కడ పూల్ గోడల్ని చీలుస్తాయి. అందుకే అక్కడ ముందు మట్టి చూస్తారు, తర్వాతే డిజైన్. ఇంకా విచిత్రం ఏంటంటే, భూమిలో నీటిమట్టం పైకొచ్చిన టైమ్‌లో పూల్ ఖాళీ చేస్తే, మొత్తం కాంక్రీట్ తొట్టి పడవలా పైకి లేచిపోగలదు. దాన్ని ఆపడానికే అడుగున ఒక వాల్వ్ పెడతారు.

సరే, టెక్నాలజీ 1911కే చేతిలో ఉంది. మరి 1950 దాకా 2,500 ఇళ్ళే ఎందుకు? మొదట్లో అది ఖరీదైన సరదా. హాలీవుడ్ స్టార్లు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, మేరీ పిక్‌ఫోర్డ్ తమ పిక్‌ఫెయిర్ బంగళాలో పూల్ కట్టించుకుని అందులో చిన్న పడవేసుకుని ఫోటోలు దిగారు. పేపర్ల ఓనర్ విలియం రాండాల్ఫ్ హర్స్ట్ కోసం ఆర్కిటెక్ట్ జూలియా మోర్గాన్ కట్టిన నెప్ట్యూన్ పూల్‌లో 3,45,000 గ్యాలన్లు, అంటే సుమారు 13 లక్షల లీటర్ల నీళ్ళు పడతాయి. ఇలాంటివి మామూలు జనం సినిమాలో చూడాల్సిందే.

కానీ మామూలు జనానికి పూల్ లేదనుకోకండి. ఉంది. ఊరందరికీ కలిపి ఉంది. 1920లు, 30లలో అమెరికా నగరాలు పెద్ద పెద్ద పబ్లిక్ పూల్స్ కట్టాయి. న్యూయార్క్‌లో ఒక్క 1936 ఎండాకాలంలోనే 11 పూల్స్ తెరిచారు. ఒక్కోదాంట్లో వేల మంది పట్టేంత. టికెట్ తక్కువ, లేదంటే ఫ్రీ. పేదవాడూ డబ్బున్నవాడూ ఒకే నీళ్ళల్లో.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. అంతకుముందు ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేరువేరు రోజులుండేవి. కలిసి ఈదడం మొదలయ్యాక శ్వేతజాతి జనానికి ఒక భయం పట్టుకుంది. నల్లజాతి మగవాళ్ళు మన ఆడవాళ్ళ పక్కన, ఆ బట్టల్లో, అదే నీళ్ళల్లోనా? దానికి తోడు "వాళ్ళు దిగితే నీళ్ళు మైలపడతాయి" అన్న నమ్మకం. ఆ మాట మనకి ఎక్కడో విన్నట్టు లేదూ? దాని దగ్గరికి వస్తాను, ఆగండి.

1949 జూన్ 21. సెయింట్ లూయిస్ నగరం. ఫెయిర్‌గ్రౌండ్ పార్క్‌లో చాలా పెద్ద పబ్లిక్ పూల్. ఆ రోజు మొదటిసారి నల్లజాతి పిల్లల్ని లోపలికి రానిచ్చారు. పిల్లలు ఈదుతున్నారు, కంచె బయట గుంపు పోగవుతోంది. సాయంత్రానికి వేల మంది. కనపడిన నల్లజాతి వాళ్ళని వెంటపడి కొట్టారు. మేయర్ ఏం చేశాడు? కొట్టినవాళ్ళని వదిలేసి, పాత రూల్‌నే తిరిగి పెట్టాడు. మరుసటి ఏడాది కోర్టు అందరినీ రానివ్వాల్సిందే అంది. అప్పుడు శ్వేతజాతి జనం రావడమే తగ్గించేశారు. కొన్నేళ్ళకి ఆ పూల్ మూతపడింది.

చాలా ఊళ్ళలో ఇదే వరస. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరమైతే, అందరినీ కలపడం కన్నా మూసెయ్యడమే మేలనుకుంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1971లో 5-4 తేడాతో కోర్టు ఏమందంటే, తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఇద్దరికీ మూసేశారు కాబట్టి ఇందులో వివక్ష లేదని. నేను ఈ తీర్పు గురించి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. లాజిక్ చూస్తే కోడ్‌లో బగ్ లేనట్టే ఉంటుంది. అవుట్‌పుట్ మాత్రం ఘోరం.

మరి పబ్లిక్ పూల్ వదిలేసిన జనం ఎటు పోయారు? కొంతమంది మెంబర్‌షిప్ ఉన్న క్లబ్బులకి. కొంతమంది సొంత పెరట్లోకి. అయితే ఒక్క జాత్యహంకారమే పెరటి పూల్‌ని పుట్టించింది అంటే అది సగం నిజమే అవుతుంది. యుద్ధం అయిపోయింది, జీతాలు పెరిగాయి, హౌసింగ్ లోన్లు తేలికయ్యాయి, గనైట్ వల్ల కట్టుబడి ఖర్చు తగ్గింది. 1948లో థామస్ చర్చ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కాలిఫోర్నియాలోని డానెల్ గార్డెన్‌లో కిడ్నీ ఆకారంలో పూల్ గీస్తే, అది పెద్ద ఫ్యాషన్ అయింది. ఈత రాణి ఎస్తర్ విలియమ్స్ సినిమాలు ఆడాయి, తర్వాత ఆమె పేరు మీదే పూల్స్ అమ్మారు. ఇవన్నీ నిజాలే.

కానీ ఆ పెరడు ఎవరికి దొరికింది? అది అడగాలి. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్, సబర్బ్ లైఫ్‌కి మోడల్. అక్కడి మొదటి అగ్రిమెంట్లలో ఒక షరతు ఉండేది. శ్వేతజాతి కానివాళ్ళు ఆ ఇళ్ళలో ఉండకూడదు, పనివాళ్ళుగా అయితే ఫర్వాలేదు. అంటే పబ్లిక్ పూల్ నుంచి వెళ్ళిపోయే దారి ఒకళ్ళకి ఉంది. ఇంకొకళ్ళకి పబ్లిక్ పూలూ మూసేశారు, పెరడూ అమ్మలేదు.

1964 జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో ఒక మోటెల్ పూల్‌లోకి నల్లజాతి, శ్వేతజాతి ఉద్యమకారులు కలిసి దూకారు. మోటెల్ నడిపే మనిషి ఆ నీళ్ళల్లో యాసిడ్ పోశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, వెతికితే దొరుకుతుంది. అమెరికా పౌరహక్కుల చట్టం వచ్చింది ఆ తర్వాత రెండు వారాలకి.

"ఇదంతా పాత కథ కదా బ్రో" అంటారా? అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ఒకటి వినండి. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో, స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు శ్వేతజాతి పిల్లలకన్నా నల్లజాతి పిల్లల్లో 7.6 రెట్లు ఎక్కువ. తాతకి పూల్‌లోకి ఎంట్రీ లేదు, ఈత రాలేదు. ఈత రాని తాత కొడుక్కి నేర్పలేదు. కొడుకు మనవడికి నేర్పలేదు. కారణం ఇదొక్కటే కాకపోవచ్చు, కానీ మూసేసిన గేటు పని చెయ్యడం అక్కడితో ఆగలేదు.

2015 జూన్‌లో ఒక కమ్యూనిటీ పూల్ దగ్గర పార్టీ జరుగుతుంటే పోలీసులొచ్చారు. స్విమ్ సూట్‌లో ఉన్న 15 ఏళ్ళ నల్లజాతి అమ్మాయిని ఒక ఆఫీసర్ నేలకేసి అదిమిపెట్టిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఊరు మెకిన్నీ. అవును, మొదట్లో చెప్పిన మెకిన్నీయే. మనవాళ్ళు ఇళ్ళు కొంటున్న ఊరు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. "మైల" అన్న మాట మనకి కొత్త కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ వేల మందితో నడిచివెళ్ళి చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. నీళ్ళు తాగడం ఉద్యమం అయింది, అదీ పబ్లిక్ చెరువులో. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపేశారు. గొడవ ఎక్కడ మొదలైంది? దళితులు తాగునీళ్ళు పట్టుకునే చెరువులో గేదెల కుడితి బకెట్ కడగొద్దు అన్న దగ్గర. సెయింట్ లూయిస్, కారంచేడు ఒకటే అని నేను అనట్లేదు. చరిత్రలు వేరు, జనం వేరు. నీళ్ళ దగ్గర గీసే గీత మాత్రం గుర్తుపట్టగలం.

ఇప్పుడు హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల బ్రోషర్లు చూడండి. ప్రతి దాంట్లో పూల్. చిన్న లెక్క వేద్దాం. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున 5 అడుగుల లోతు అంటే దాదాపు 64 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 13 కావాలి, అది ఒక్కసారి నింపడానికి. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళ కరువొచ్చినప్పుడు స్విమ్మింగ్ పూల్స్‌కి తాగునీళ్ళు వాడితే 5,000 రూపాయల ఫైన్ అన్నారు. కానీ నీళ్ళ లెక్క కన్నా నాకు గుచ్చుకునే ప్రశ్న వేరే ఉంది. ఆ పూల్ గట్టు తుడిచే అక్క కొడుకు అందులో దిగొచ్చా? "పనివాళ్ళుగా అయితే ఫర్వాలేదు" అన్న లెవిట్‌టౌన్ షరతు గుర్తుంది కదా.

పూల్ కట్టుకోవడం తప్పని నేను చెప్పట్లేదు. కట్టుకోండి, చుట్టూ కంచె వేయించండి, పిల్లలకి ఈత నేర్పించండి. దాంతోపాటు మున్సిపాలిటీ పూల్ పాడుబడి ఉంటే అది ఎందుకు తెరవట్లేదో కూడా అడగండి. మనకి సొంతది వచ్చాక అందరిదీ ఏమైందో చూడటం మానేస్తాం, అమెరికాలో జరిగింది అదే.

ఒక చిన్న హోమ్‌వర్క్. ఈ ఆదివారం మీ తాతయ్యకి ఫోన్ చెయ్యండి. ఆయన ఈత ఎక్కడ నేర్చుకున్నారో అడగండి. నడుముకి సొరకాయ బుర్ర కట్టుకుని బావిలో దూకిన కథ సరదాగా చెబుతారు. అంతా విన్నాక ఇంకొక్కటి అడగండి: ఆ బావిలోకి ఎవరిని దిగనిచ్చేవాళ్ళు కాదు తాతయ్యా అని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.